మా ఊరి కాలేజీ హాకీ సీజన్ టికెట్: కొనదగినదేనా?

ఈశాన్య అమెరికాలో ఏడాదిలో దాదాపు ఐదు నెలలు మంచు కప్పుకుని ఉండే ఒక చిన్న ఊళ్లో ఎం.ఎస్. చదివి, ఆ విశ్వవిద్యాలయానికి దగ్గరలోనే ఉద్యోగం దొరకడంతో ఇక్కడే స్థిరపడ్డాను. ఇక్కడి పురుషుల ఐస్ హాకీ జట్టు ఆటలకు ఏటా సీజన్ టికెట్ కొంటున్నాను. కొత్తగా వచ్చిన మన పిల్లలు "అన్నా, ఆ టికెట్ తీసుకోవచ్చా? డబ్బు దండగ కాదు కదా?" అని అడుగుతూ ఉంటారు. ఆ ప్రశ్నకు నిలబడి రెండు మాటల్లో చెప్పే సమాధానం సరిపోదు కాబట్టి వివరంగా రాస్తున్నాను. విశ్వవిద్యాలయం పేరు, ఊరి పేరు కావాలనే రాయలేదు.

ముందు, ఆ డబ్బుకు ఏమి వస్తుందో చూద్దాం. అమెరికా కాలేజీ హాకీలో మొదటి శ్రేణి పురుషుల జట్లు అరవైకి పైగా ఉన్నాయి. అక్టోబరు నుంచి మార్చి వరకు ఒక్కో జట్టు సుమారు 34 ఆటలు ఆడుతుంది. అందులో రమారమి సగం సొంత రింక్ (మంచు మైదానం)లోనే, ఎక్కువగా శుక్ర, శనివారాల్లో రాత్రి ఏడు గంటలకు జరుగుతాయి. 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు ఉన్న మంచు మీద ఇరవై నిమిషాల పీరియడ్లు మూడు ఉంటాయి. విరామాలతో కలిపితే రెండున్నర గంటలు పడుతుంది. మా దగ్గర సీజన్ టికెట్ లెక్క ఒక్కో ఆటకు సుమారు 20 డాలర్ల దాకా వస్తుంది. పెద్ద నగరాల్లో వృత్తి జట్ల ఆట చూడడానికి అయ్యే ఖర్చుతో పోలిస్తే ఇది చాలా తక్కువ. పైగా ఇక్కడ నాలుగో వరుసలో కూర్చుంటే స్కేట్లు మంచును కోసే చప్పుడు, గోలీ (గోల్ కాపలా ఆటగాడు) తన డిఫెన్స్ ఆటగాళ్లను కేకేసి హెచ్చరించే మాటలు, రింక్ చుట్టూ ఉండే గాజు పలకకు ఆటగాడి భుజం తగిలినప్పుడు కాళ్ల కింద పుట్టే అదురు అన్నీ నేరుగా అందుతాయి. టీవీలో ఈ ఆట వేగం సగం కూడా తెలియదు. క్రికెట్ తప్ప మరో ఆట చూడని స్నేహితులను తీసుకెళ్తే, రెండో పీరియడ్ ముగిసేసరికి వాళ్లు ఆఫ్‌సైడ్ నియమం గురించి రిఫరీతో వాదించడానికి సిద్ధమవుతారు. ఆట పట్ల నాకు ఏ ఫిర్యాదూ లేదు.

జట్టు పట్ల ఉంది. ప్రత్యర్థి ఆటగాడు తప్పు చేసి రెండు నిమిషాలు పెనాల్టీ బాక్సులో కూర్చుంటే, మన ఐదుగురు వాళ్ల నలుగురి మీద ఆడే అవకాశాన్ని పవర్ ప్లే అంటారు. మంచి జట్లు గెలిచేది ఇక్కడే. మా జట్టు మాత్రం పక్‌ను (బంతికి బదులు వాడే రబ్బరు బిళ్లను) గోల్‌కు దూరంగా ఉండే బ్లూ లైన్ దగ్గర కుడి నుంచి ఎడమకు, ఎడమ నుంచి కుడికి పంపుకుంటూ ఉంటుంది. గోలీ చూపుకు అడ్డంగా గోల్ ముందు నిలబడవలసిన ఆటగాడు దెబ్బలకు వెరచి మూలకు జరిగి, పాస్ కోసం స్టిక్ చాచి ఎదురుచూస్తాడు. చివరికి విసుగెత్తి ఎవరో దూరం నుంచి కొట్టిన షాట్ ఎదుటివాడి కాలి ప్యాడ్‌కు తగిలి మధ్య గీత దాటి పోతుంది. అందరూ వెనక్కి వెళ్లి పక్ తెచ్చుకుని మళ్లీ సర్దుకునేలోపు అర నిమిషం గడిచిపోతుంది. ఇది ఒక ఆట సంగతి కాదు, ఒక ఏడాది సంగతీ కాదు. ఆటగాళ్లు మారారు, సహాయ శిక్షకులు మారారు, ఆ పవర్ ప్లే మాత్రం మారలేదు. ప్రేక్షకుల్లో చిన్నపిల్లలు సైతం "షూట్!" అని అరుస్తారు, షాట్ కొట్టినా గోల్ ముందు మనిషి లేనప్పుడు అది గోలీ చేతిలోకే వెళ్తుందన్నది ఆ పిల్లలకు తెలియకపోవచ్చు గాని, శిక్షకులకు తెలిసి ఉండాలి.

శుక్రవారం గెలిచి శనివారం ఓడిపోవడం మరో అలవాటు. ఇది పైకి కనిపించేంత చిన్న లోపం కాదు. జాతీయ టోర్నమెంటుకు 16 జట్లనే తీసుకుంటారు. ఆరు లీగుల విజేతలకు నేరుగా చోటు దక్కుతుంది, మిగతా పది చోట్లు, గెలుపోటములను, ప్రత్యర్థుల బలాన్ని బట్టి జట్లకు వరుస స్థానాలిచ్చే గణన పద్ధతి ప్రకారం నిండుతాయి. ఏళ్ల తరబడి పెయిర్‌వైజ్ పేరుతో ఉన్న ఆ పద్ధతి స్థానంలో 2025-26 నుంచి ఎన్‌పీఐ అనే మరో గణన వచ్చింది. రెండింటిలోనూ అక్టోబరు ఓటమికి, ఫిబ్రవరి ఓటమికి తేడా లేదు. సీజన్ మొదట్లో బలహీనమైన జట్టు చేతిలో "ఇంకా కుదురుకోలేదు" అంటూ పోగొట్టుకున్న ఆట మార్చిలో మనల్ని పద్దెనిమిదో స్థానంలో నిలబెడుతుంది. అప్పుడు లీగు కప్పు గెలవడం తప్ప దారి ఉండదు.

ఆటగాళ్లు జట్టు వదిలి వెళ్లిపోవడం గురించి మాత్రం నేను వాళ్లను నిందించను. 2021 నుంచి కాలేజీ ఆటగాడు ఒకసారి, 2024 నుంచి ఎన్నిసార్లయినా, చదువు నిబంధనలు పాటిస్తే చాలు, ఏడాదిపాటు ఖాళీగా కూర్చోవలసిన అవసరం లేకుండా మరో విశ్వవిద్యాలయానికి మారిపోవచ్చు. అంతకుముందు వృత్తి ఆటగాళ్ల కింద లెక్కగట్టి దూరం పెట్టిన కెనడా మేజర్ జూనియర్ లీగుల కుర్రాళ్లకు 2025 ఆగస్టు 1 నుంచి తలుపులు తెరిచారు. గావిన్ మెక్‌కెనా వంటి అగ్రశ్రేణి కుర్రవాడు పెన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో చేరింది ఆ మార్పు వల్లనే. ఆటగాళ్లకు విశ్వవిద్యాలయాలే నేరుగా డబ్బు చెల్లించే వీలు కూడా అదే ఏడాది వచ్చింది. ఈ మూడూ కలిసి మా వంటి చోట్లకు మిగిల్చినది ఏమిటంటే, రెండేళ్లు ఓపికగా తీర్చిదిద్దిన సెంటర్ ఆటగాడు మూడో ఏట పెద్ద జట్టు జెర్సీలో కనిపించడం. పదిహేను గోల్స్ కొట్టిన కుర్రవాడి పేరు వేసిన జెర్సీని మా పక్క సీటు పెద్దాయన మనవడికి కొనిపెడితే, ఏప్రిల్ వచ్చేసరికి ఆ కుర్రవాడు వెళ్లిపోయాడు. బాధగానే ఉంది, కానీ ఇరవై ఏళ్ల కుర్రవాడు తన బాగు చూసుకోవడం తప్పు కాదు. నేను ఒప్పుకోనిది "మనది చిన్న కాలేజీ, మన వల్ల ఎక్కడవుతుంది" అనే సాకును. రెండు వేల పైచిలుకు విద్యార్థులున్న యూనియన్ కాలేజీ 2014 జాతీయ ఫైనల్లో మిన్నెసోటా విశ్వవిద్యాలయాన్ని 7-4తో ఓడించింది. 2023 ఫైనల్లో క్విన్నిపియాక్ విశ్వవిద్యాలయం అదే మిన్నెసోటాను ఓవర్‌టైమ్‌లో 3-2తో ఓడించింది. 2025లో వెస్టర్న్ మిషిగన్ విశ్వవిద్యాలయం తన చరిత్రలో మొదటిసారి జాతీయ కప్పు అందుకుంది. గెలిచిన ఈ మూడింటిలో ఏదీ కాలేజీ హాకీలో పేరుమోసిన పాత కోట కాదు.

ఓడిపోయే జట్టును భరించవచ్చు. ప్రేక్షకుడు వచ్చాడన్న గుర్తింపే లేని నిర్వాహకులను భరించడం చాలా కష్టం. నా ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం క్యాంపస్ గురించే.

కాలేజీ హాకీకి ప్రాణం బ్యాండ్. ట్రంపెట్లు, ట్రాంబోన్లు, డ్రమ్ములతో ఇరవై ముప్పై మంది విద్యార్థులు ఒక మూల కూర్చుని, విజిల్ పడి ఆట ఆగిన ప్రతిసారీ ఆ కొద్ది సెకన్ల ఖాళీని పాటతో నింపుతారు. పాటకు తగ్గట్టు విద్యార్థుల గ్యాలరీ నుంచి కేకలు, ప్రత్యర్థి గోలీని పేరు పెట్టి వెక్కిరించే నినాదాలు పుడతాయి. వాటిని ఎవరూ రాసివ్వరు, ఒక బ్యాచ్ నుంచి మరో బ్యాచ్‌కు వినికిడిగానే అందుతాయి. కొన్ని సీజన్లుగా మా రింక్‌లో ఈ ఖాళీలను క్రీడా విభాగం మార్కెటింగ్ వారు అమ్ముకుంటున్నారు. బ్యాండ్ నడిపే అమ్మాయి చెయ్యి ఎత్తుతుంది, ట్రంపెట్లు పెదవుల దగ్గరికి వెళ్తాయి, అంతలో పైకప్పు స్పీకర్ల నుంచి ఒక కార్ల డీలరు ప్రకటన హోరుమని మోగుతుంది. ఆమె చెయ్యి దించుతుంది. ప్రకటన అయిపోయాక రికార్డు పాట పది సెకన్లు వస్తుంది, అది తెగగానే పక్ పడి ఆట మళ్లీ మొదలవుతుంది. ఒక పీరియడ్ మొత్తంలో ఆ బ్యాండ్‌కు రెండు మూడు పాటలకు మించి అవకాశం రాని రాత్రులు ఉన్నాయి. రిహార్సల్ చేసి, పరీక్షల మధ్య వీలు చేసుకుని, జీతం లేకుండా వచ్చే పిల్లలను ఇంతకంటే అవమానించడం సాధ్యం కాదు. కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన లైనా రింక్‌కు ఎప్పుడైనా వెళ్లినవారికి తేడా తెలుస్తుంది. 1957లో కట్టిన ఆ రింక్‌లో 4,267 మంది పడతారు. అక్కడ ప్రత్యర్థి జట్టు పేర్లు చదువుతున్నంతసేపూ విద్యార్థులు వార్తాపత్రికలు విప్పి ముఖాలకు అడ్డం పెట్టుకుని, తమకేమీ పట్టనట్టు నిలబడతారు. ఏ మార్కెటింగ్ విభాగమూ కనిపెట్టలేని ఆచారం అది. విద్యార్థులను వాళ్ల మానాన వదిలేస్తే పుట్టింది.

మా దగ్గర విద్యార్థుల గ్యాలరీని కూడా మార్చారు. ప్రత్యర్థి గోలీ రెండు పీరియడ్లు నిలబడే గోల్ వెనుక, గాజుకు ఆనుకుని ఉన్న చోటును మెత్తటి సీట్లు వేసి దాతలకు ఇచ్చారు. విద్యార్థులు ఎగువ మూలకు వెళ్లారు. దాతల సీట్లు డిసెంబరు ఆటల్లో ఖాళీగా ఉంటాయి, కెమెరాకు ముందుగా కనిపించేవీ అవే. టికెట్ ఇప్పుడు ఫోన్‌లోనే ఉంటుంది. గేటు దగ్గర వందల మంది ఒకే వై-ఫై మీద ఆధారపడడంతో ఆ యాప్ తెరుచుకోదు, మైనస్ పది డిగ్రీల చలిలో చేతి తొడుగులు తీసి తెరను మళ్లీ మళ్లీ నొక్కుతూ మొదటి ఐదు నిమిషాల ఆట పోగొట్టుకోవాలి. వెళ్లేముందు ఇంట్లోనే స్క్రీన్‌షాట్ తీసుకుందామంటే అది చెల్లదంటారు. సెలవుల విషయం మరొకటి. డిసెంబరు మధ్య నుంచి జనవరి మధ్య వరకు విద్యార్థులు ఇళ్లకు వెళ్తారు, బ్యాండ్ ఉండదు, అయినా ఆటలు జరుగుతాయి. ఆ రోజుల్లో చుట్టుపక్కల బడి పిల్లలను ఉచితంగా పిలిస్తే రింక్ నిండుతుందని చాలామందిమి రాసి ఇచ్చాం. జవాబు రాలేదు.

ఇక ఊరు. ఆట తొమ్మిదిన్నరకు ముగుస్తుంది. ఊళ్లో హోటళ్ల వంటగదులు తొమ్మిదికే మూతపడతాయి. రెండు వేల మంది ఆకలితో ఒకేసారి బయటికి వచ్చే రాత్రులు ఏవో అక్టోబరులోనే అచ్చయిన షెడ్యూలులో ఉంటే, ఆ రాత్రులకైనా ఒక గంట ఎక్కువసేపు పొయ్యి వెలిగించాలన్న ఆలోచన ఎవరికీ రాకపోవడం నాకు అంతుపట్టదు. శాకాహారులకు రింక్ లోపల దొరికేవి చీజ్ పిజ్జా ముక్క, ఫ్రెంచ్ ఫ్రైస్. బయట పెట్రోలు బంకులో చిప్స్ ప్యాకెట్. ఊరి బస్సు చివరి ట్రిప్పు మూడో పీరియడ్ మొదలవకముందే వెళ్లిపోతుంది. కారు లేని విద్యార్థులు నడవాలి. నడిచే బాటలో క్యాంపస్ హద్దు దాకా మంచు తీసి ఉప్పు చల్లి ఉంటుంది. అక్కడి నుంచి అపార్టుమెంట్లున్న వీధి దాకా ఎవరూ ముట్టుకోరు, ఎందుకంటే ఆ భాగం తమది కాదని క్యాంపస్ అంటుంది, తమదీ కాదని ఊరు అంటుంది. పిల్లలు కారు దారిలోకి దిగి నడుస్తారు. ఇది విసుగు తెప్పించే విషయం మాత్రమే కాదు, ప్రమాదం. హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో వచ్చి మొదటి చలికాలం చూస్తున్నవాళ్లకు రోడ్డు రంగులోనే కలిసిపోయే పలుచని మంచుపొర (బ్లాక్ ఐస్) కంటికి ఆనదు.

ఇంత చెప్పాక టికెట్ సంగతి. కొత్తగా వచ్చిన విద్యార్థులు సీజన్ టికెట్ కొనవద్దు. విద్యార్థి గుర్తింపు కార్డు మీద విడి టికెట్ చాలా తక్కువకు వస్తుంది, పెద్ద ప్రత్యర్థులతో ఆటలకు తప్ప ఎప్పుడూ అయిపోదు. జనవరి చివరి నుంచి ఫిబ్రవరి చివరి దాకా జరిగే ఆటలకు వెళ్లండి. లీగు స్థానాలు తేలేది అప్పుడే, క్యాంపస్ నిండుగా ఉండేదీ అప్పుడే. బ్యాండ్ పక్కన, ఎగువ వరుసలో కూర్చోండి. ఆట మొత్తం ఒక్క చూపులో కనిపించడానికి గాజు పక్క సీటు కంటే అది మేలు. మహిళల జట్టు ఆటలు కూడా చూడండి. మధ్యాహ్నం వేళ జరుగుతాయి కాబట్టి బస్సు ఉంటుంది, హోటళ్లు తెరిచి ఉంటాయి, పైగా నిజం చెప్పాలంటే వాళ్ల పవర్ ప్లే చూడముచ్చటగా ఉంటుంది. ఆట మొదలవకముందే భోజనం చేయండి. తిరిగి వచ్చేటప్పుడు నలుగురైదుగురు కలిసి నడవండి, లేదా కారున్న సీనియర్‌ను ముందుగానే అడిగి పెట్టుకోండి. నా కారులో మూడు సీట్లు ఎప్పుడూ ఖాళీయే.

ఊళ్లోనే ఉద్యోగం చేస్తూ ప్రతి వారాంతం వెళ్లగలిగేవారికి మాత్రం ఇన్ని లోపాలున్నా సీజన్ టికెట్ కొనదగినదే. నేను ఈసారీ పునరుద్ధరించాను, ఫారంలో వ్యాఖ్యలకు ఇచ్చిన చోటంతా బ్యాండ్ గురించే నింపాను. ఒక్క సంగతి గమనించండి. మార్చి మొదట్లో లీగు ప్లేఆఫ్‌లు సొంత రింక్‌లో పడితే మా దగ్గర సీజన్ టికెట్ వాటికి చెల్లదు, విడిగా కొనాలి. పాత సీటు మీద హక్కు రెండు రోజులే ఉంటుంది. ఆ మాట కొనేటప్పుడు కౌంటర్‌లో ఎవరూ చెప్పరు, మీరే అడిగి తెలుసుకోండి.