పక్క వెలుతురా, వెనక వెలుతురా: నేతబట్టను దగ్గరగా ఫొటో తీయాలంటే

పొందూరు ఖద్దరు అందమంతా నూలులోనే ఉంది. చేత్తో వడికిన పోగు ఒకచోట లావుగా, మరోచోట సన్నగా సాగుతుంది. ఆ ఎగుడుదిగుళ్లు ఫొటోలో పడాలంటే దీపాన్ని పక్కన, బట్టను రాసుకుంటూ పోయేంత వాలుగా పెట్టాలి. అప్పుడు ప్రతి పోగూ చిన్న నీడను పరుస్తుంది. పేక (అడ్డపోగు) పడుగు (నిలువుపోగు) మీదికి ఎక్కి దిగడం స్పష్టంగా తెలుస్తుంది. ఇస్త్రీ చేయకపోతే మాత్రం ముందు ముడతలే కనిపిస్తాయి!

ఉప్పాడ జాందానీకి ఈ వెలుతురు అన్యాయం చేస్తుంది. అక్కడ బుటాను, అంటే పువ్వులాంటి డిజైనును, అదనపు పేకతో నేస్తారు. చీరను కిటికీకి అడ్డంగా వేలాడదీసి, వెలుతురును వెనక నుంచి రానివ్వండి. పల్చటి నేత వెలిగిపోతుంది, దారం ఎక్కువున్న బుటా చిక్కగా నిలుస్తుంది. నేతగాడు పువ్వును ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ముగించాడో చూడగలగడం నాకు ఎంతో ఇష్టం. కాని రంగులు మారిపోతాయి, జరీ నల్లబడుతుంది. ముందువైపు ఒక తెల్ల అట్ట పట్టుకుంటే జరీ కొంత తేరుకుంటుంది. కెమెరా కూడా వెలుతురు ఎక్కువైందనుకుని ఫొటోను చీకటి చేస్తుంది కనుక ఎక్స్‌పోజర్ కాస్త పెంచాలి.

పోచంపల్లి ఇక్కత్‌కు పక్క వెలుతురే మేలు, అయితే మరీ వాలుగా వద్దు. నేతకు ముందే నూలుకు రంగు వేస్తారు కనుక డిజైను అంచుల్లో రంగు ఈకలా చెదురుతుంది. గాఢమైన నీడలు ఆ చెదురును మింగేస్తాయి.

ఒక్క దీపమే ఉంటే నేను పక్కనే పెడతాను. ఎలా తీసినా లెన్సు ముఖం బట్టకు సమాంతరంగా ఉండాలి, లేకపోతే సగం పోగులు మసకబారుతాయి.