వెన్నుపాములో నీటితిత్తి: దారి తెరవడం మేలా, షంట్ వేయడం మేలా?

వెన్నుపాము లోపల ద్రవం చేరి తిత్తిలా సాగే జబ్బును సిరింగోమైలియా అంటారు. ఎంఆర్‌ఐలో ఆ తిత్తిని చూడగానే ‘నీరు తీసేస్తే సరిపోదా?’ అని రోగి అడగడం సహజం. అయితే మెదడు చుట్టూ, వెన్నుపాము చుట్టూ నిరంతరం కదలాడే ద్రవానికి ఎక్కడో అడ్డు పడడమే చాలాసార్లు మూలం. తిత్తి దాని ఫలితం. అందువల్ల ఏ ఆపరేషన్ మేలన్నది అడ్డు ఎక్కడుందన్న దానిని బట్టి తేలుతుంది.

ఎక్కువగా కనిపించే కారణం చియారీ-1 లోపం. ఇందులో చిన్నమెదడు కింది కొసలు పుర్రె అడుగు రంధ్రం దాటి సాధారణంగా 5 మిల్లీమీటర్లు, అంతకు మించి కిందికి జారి ఉంటాయి. గుండె కొట్టుకున్నప్పుడల్లా ఆ కొసలు పిస్టన్‌లా కదిలి, కింది ద్రవాన్ని వెన్నుపాములోకి నెడతాయని 1994లో న్యూరోసర్జన్ ఓల్డ్‌ఫీల్డ్ బృందం వివరించింది. ఇటువంటి వారికి తల వెనుక అడుగున కొంత ఎముకను, మొదటి మెడపూస వెనుక కమానును తొలగించి, మెదడును, వెన్నుపామును కప్పి ఉంచే డ్యూరా అనే గట్టి పై పొరను తెరచి, దానికి అతుకు వేసి చోటు పెంచుతారు. తిత్తిని తాకనైనా తాకరు. అయినా చాలామందిలో కొన్ని నెలల్లో అది దానంతటదే కుంచించుకుపోతుంది. డ్యూరాను తెరవకుండా ఎముక మాత్రమే తీస్తే ద్రవం కారడం, మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) వంటి చిక్కులు తక్కువే గాని, తిత్తి తగ్గే అవకాశం కూడా తగ్గుతుంది. తిత్తి పెద్దదై లక్షణాలు ముదురుతున్నప్పుడు అతుకు వేయడమే మేలని నా అభిప్రాయం.

షంట్ పద్ధతిలో వెన్నుపామును సన్నగా కోసి, తిత్తిలోకి సన్నని సిలికాన్ గొట్టాన్ని దింపి, ద్రవాన్ని వెన్నుపాము చుట్టూ ఉన్న ఖాళీలోకో, ఊపిరితిత్తుల పొరల మధ్యకో, పొట్టలోకో మళ్లిస్తారు. తిత్తి త్వరగా చిన్నదవుతుంది, కాని అడ్డు అలాగే ఉండిపోతుంది. గొట్టం పూడుకుపోవచ్చు, జరిగిపోవచ్చు, ఇన్ఫెక్షన్ రావచ్చు. కోత వల్లనే కొత్తగా తిమ్మిరి పుట్టవచ్చు. అందుకే చియారీ రోగికి మొదటి ఆపరేషన్‌గా దీనిని ఎంచుకోవడం నాకు సరికాదనిపిస్తుంది.

వెన్నుకు దెబ్బ తగిలిన తరువాత, లేదా క్షయ వల్ల వచ్చే మెనింజైటిస్ వంటి వాటి తరువాత, డ్యూరా లోపలి పలుచని అరాక్నాయిడ్ పొర వెన్నుపాముకు అతుక్కుపోయిన వారి సంగతి వేరు. అలా అంటుకున్న చోట్లు కొద్ది మేరకే ఉంటే మైక్రోస్కోపు కింద విడదీసి, డ్యూరాను విశాలం చేయడం మంచిది. అవి అనేక పూసల పొడవునా వ్యాపిస్తే, విడదీసినా మళ్లీ అంటుకుంటాయి గనుక షంటే మిగిలిన మార్గం కావచ్చు. అప్పుడు కూడా గొట్టం చివర పూడిపోయిన ఖాళీలోకి తెరుచుకుంటే ప్రయోజనం ఉండదు. గడ్డ వల్ల తిత్తి ఏర్పడితే గడ్డను తీయాలి. తలలో నీరు చేరి ఉంటే ముందు దానికే చికిత్స చేయాలి.

లక్షణాలు లేని చిన్న తిత్తిని ఎంఆర్‌ఐలతో గమనిస్తూ ఆగడం కూడా తగిన నిర్ణయమే. అయితే వేడి పాత్రను పట్టుకున్న వేళ్లు బొబ్బలెక్కినా నొప్పి తెలియలేదంటే, వెన్నుపాము నడుమ దాటే నరాల దారి ఇప్పటికే దెబ్బతిన్నట్లు. ఆపరేషన్ తరువాత, చియారీ రోగులకు దగ్గినప్పుడు వచ్చే తలనొప్పి తగ్గవచ్చు గాని, పోయిన స్పర్శ, కరిగిన చేతి కండ పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. ఎంఆర్‌ఐలో తిత్తి మారకపోయినా, నిన్నమొన్నటి దాకా సునాయాసంగా పెట్టుకున్న చొక్కా గుండీ వేళ్లకు అందడం లేదంటే, తరువాతి స్కానింగ్ తేదీ దాకా ఆగకుండా న్యూరోసర్జన్‌ను కలవాలి.