మోడల్ ఇంజన్ పార్టులు ఎక్కడ చేయించాలి: లేత్ షాపా, ఆన్‌లైన్ సీఎన్‌సీయా, సొంత మెషినా?

నిలువుగా నిలబడే చిన్న ఆవిరి ఇంజన్ మోడల్ ఒకటి తీసుకుందాం. సిలిండర్ బోరు (లోపలి వ్యాసం) 20 మి.మీ., స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 20 మి.మీ., ఫ్లైవీల్ (బరువు చక్రం) 75 మి.మీ. ఇలాంటి ఇంజన్ల డ్రాయింగులు నెట్‌లో దొరుకుతాయి. ఇత్తడి, ఉక్కు రాడ్లు సికింద్రాబాద్ రాణిగంజ్‌లో దొరుకుతాయి. ఇక కావాల్సిందల్లా వాటిని కొలతకి కోసిపెట్టే చెయ్యి.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి దారులు నాలుగు. బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి వైపు ఏదో ఒక లేత్ షాపు, అంటే లోహాన్ని తిప్పుతూ కోసే యంత్రం ఉన్న షెడ్డు. ఫైల్ పంపితే పార్టు కొరియర్‌లో పంపే ఆన్‌లైన్ సీఎన్‌సీ (కంప్యూటర్ నడిపే కోత యంత్రం) సర్వీసు. టీ-వర్క్స్ లాంటి ఉమ్మడి వర్క్‌షాపు. లేదంటే ఇంట్లోనే ఒక మినీ లేత్. విజయవాడలోనో విశాఖలోనో ఉన్నవాళ్లు బాలానగర్ బదులు ఆటోనగర్ అనుకోండి, మిగతా లెక్క అదే.

నన్నడిగితే ఏది మేలన్నది ఇంజన్ మొత్తానికి కలిపి అడిగితే తేలదు. పార్టు పార్టుకీ విడిగా అడగాలి. అడిగేటప్పుడు ధర కంటే ముందు చూడాల్సింది ఒకటుంది: ఈ పార్టు కొలత ఇంకో పార్టు మీద ఆధారపడి ఉందా, లేదా? ఫ్లైవీల్ బయటి వ్యాసం 75 బదులు 74.6 వచ్చినా ఇంజన్ పట్టించుకోదు. పిస్టన్ అదే 0.4 మి.మీ. తక్కువొస్తే అది పిస్టన్ కాదు, గిలక్కాయ. కాబట్టి జతగా పనిచేసే పార్టులు ఒకే మనిషి చేతిలో, వీలైతే ఒకే రోజు తయారవ్వాలి. ఒంటరి పార్టులు ఎక్కడ చేయించినా ఫర్వాలేదు.

ముందు లేత్ షాపు సంగతి. హైదరాబాద్‌కి ఈ పని నిన్న మొన్న వచ్చింది కాదు. ప్రాగా టూల్స్ 1943లోనే మొదలైంది. తర్వాత హెచ్‌ఎంటీ, బాలానగర్‌లో హెచ్‌ఏఎల్, 1968లో అదే బాలానగర్‌లో టూల్ డిజైన్ నేర్పే సీఐటీడీ వచ్చాయి. పెద్ద ఫ్యాక్టరీలకి పార్టులు చేసిపెట్టే చిన్న షెడ్లు చుట్టుపక్కల మొలిచాయి. పెద్దవాటిలో కొన్ని చతికిలపడ్డా షెడ్లు మాత్రం పోలేదు. అందుకే ఇప్పటికీ కొత్త సీఎన్‌సీ పక్కనే పాత హెచ్‌ఎంటీ లేత్ ఒకటి, దాని ముందు డ్రాయింగ్ చూడగానే జాబ్‌ని (చేయాల్సిన ముక్కని) ఎక్కడ పట్టాలో చెప్పేసే టర్నర్ (లేత్ పనివాడు) ఒకాయన కనిపిస్తారు.

చిక్కల్లా మన ఆర్డరుతోనే. "ఎన్ని పీసులు సార్?" అంటాడాయన. "ఒకటే అన్నా" అంటాం. ఆ మాటతో సగం ఆసక్తి పోతుంది. ఆయన్ని తప్పు పట్టలేం. వెయ్యి బుష్‌లు (గొట్టం ముక్కలు) తిప్పే మెషిన్‌ని ఆపి, చక్ (ముక్కని పట్టే పట్టు) మార్చి, టూల్ మార్చి ఒక్క పీసు చేయడమంటే ఆయనకి గంటలు పోయినట్టే. ఇక్కడ బేరం పనిచేయదు, ఫొటో పనిచేస్తుంది. పూర్తయిన ఇంజన్ ఎలా ఉంటుందో ఫోన్‌లో చూపించండి, తిరుగుతున్న వీడియో ఉంటే ఇంకా మంచిది. "ఇది నిజంగ నడుస్తదా సార్?" అన్న ప్రశ్న వచ్చిందంటే పని సగం అయిపోయినట్టే. ఆ తర్వాత గంటకింతని అడిగినా, మొత్తానికింతని అడిగినా ఇచ్చేయడమే మంచిది. ఒక్క పీసు పనికి చవక రేటు దొరికిందంటే, మీ జాబ్ మూలన పడి ఉండబోతోందని అర్థం.

ఈ షాపుకి ఇవ్వాల్సిన పని సిలిండర్, పిస్టన్. ఎందుకో దగ్గరుండి చూస్తే తెలుస్తుంది. టర్నర్ ముందు బోరు పూర్తి చేస్తాడు. ఆ వచ్చిన బోరుకి తగ్గట్టు పిస్టన్ తిప్పుతాడు. చివర్లో టూల్ వెనక్కి లాగి, తిరుగుతున్న పిస్టన్ మీద వాటర్ పేపర్ (సన్న గరుకు కాగితం) ముక్క రెండు మూడుసార్లు ఆనిస్తాడు. గుడ్డతో తుడిచి, చుక్క నూనె వేసి, సిలిండర్ అడుగు బొటనవేలితో మూసి, పై నుంచి పిస్టన్ వదులుతాడు. అది టక్కున పడకూడదు. లోపలి గాలి అడ్డుకుంటుంటే ఆగి ఆగి దిగాలి, వేలు తీయగానే జారిపోవాలి. దిగకపోతే ఇంకోసారి పేపర్. ఈ పద్ధతిలో బోరు 20.00 వచ్చిందా 20.06 వచ్చిందా అన్నది ఎవరికీ పట్టదు. రెండింటి మధ్య సందు 0.03 నుంచి 0.05 మి.మీ. ఉంటే ఇంత చిన్న ఇంజన్‌కి రింగులు లేకపోయినా నడుస్తుంది. సిలిండర్ ఒక షాపులో, పిస్టన్ ఇంకో షాపులో చేయిస్తే ఈ సర్దుబాటుకి చోటే ఉండదు.

ఒక్క విషయంలో మాత్రం టర్నర్ మాట వెంటనే ఒప్పుకోకండి. "అల్యూమినియం వేద్దాం సార్, జల్దీ అయిపోతది" అంటాడు. నిజమే, అవుతుంది. ఇంజన్‌ని కంప్రెసర్ గాలితో తిప్పేట్టయితే అల్యూమినియం పిస్టన్‌తో ఇబ్బంది లేదు. ఆవిరితో అయితే ఉంది. 100 డిగ్రీలు వేడెక్కితే 20 మి.మీ. అల్యూమినియం పిస్టన్ సుమారు 0.046 మి.మీ. పెరుగుతుంది, క్యాస్ట్ ఐరన్ సిలిండర్ బోరు దాదాపు 0.021 మాత్రమే పెరుగుతుంది. మీరిచ్చిన 0.03 సందులో 0.025 అక్కడే పోయింది. పిస్టన్ పట్టేస్తుంది. ఇత్తడి సిలిండర్‌లో క్యాస్ట్ ఐరన్ పిస్టన్ అయితే వేడికి కాస్త వదులవుతుంది, అంతే. అలాగే తుప్పు పట్టదని 304 ఎస్‌ఎస్ (స్టెయిన్‌లెస్ స్టీల్) అంటగడతారు. కోసేకొద్దీ గట్టిపడే గుణం దానిది. అందులో ఎం3 (3 మి.మీ.) మర కోసే ట్యాప్ విరిగితే జాబ్ మొత్తం పారేయాల్సిందే.

ఫ్లైవీల్ కూడా ఇదే షాపులో చేయించవచ్చు, కానీ ఒక్క మాట ముందే చెప్పాలి: మధ్య రంధ్రం, బయటి అంచు, ముందు ముఖం మూడూ ఒకే సెట్టింగ్‌లో చేయమని. తీసి మళ్లీ త్రీ జా (మూడు దవడల) చక్‌లో పడితే 0.05, 0.1 మి.మీ. పక్కకి జరగడం మామూలే. ఫ్లైవీల్ వంకరగా ఊగుతుంటే ఇంజన్ నడుస్తుంది గానీ, చూసే ప్రతివాడూ ముందు ఆ ఊగడమే చూస్తాడు.

డ్రాయింగ్ గురించి కూడా కొంచెం చెప్పాలి, ఎందుకంటే గొడవలన్నీ మొదలయ్యేది అక్కడే. పాత బ్రిటిష్ మోడల్ డ్రాయింగులు అంగుళాల్లో, బీఏ (బ్రిటిష్ అసోసియేషన్) మరలతో ఉంటాయి. మన షాపుల్లో బీఏ ట్యాపులు దొరకడం కష్టం. 7 బీఏ ఉన్నచోట ఎం2.5, 5 బీఏకి ఎం3, 2 బీఏకి ఎం5 అని ముందే మార్చేసి, కొలతలన్నీ మి.మీ.లోకి తెచ్చి కొత్తగా గీసుకోవాలి. అమెరికన్ డ్రాయింగ్ అయితే అది థర్డ్ యాంగిల్ అనే వ్యూల అమరికలో ఉంటుంది, మన ఐటీఐల్లో నేర్పేది ఫస్ట్ యాంగిల్. ఏ వ్యూ ఎటువైపుదో తారుమారైతే కుడివైపు ఉండాల్సిన ఆవిరి రంధ్రం ఎడమవైపు వచ్చి కూర్చుంటుంది. ఏ కొలత ముఖ్యమో దాని చుట్టూ ఎర్ర పెన్నుతో గుండ్రం చుట్టండి. అన్నింటికీ చుడితే ఏదీ చుట్టనట్టే.

ఇప్పుడు ఆన్‌లైన్ సర్వీసు. సుఖమైన దారి, అందులో అనుమానం లేదు. స్టెప్ ఫైల్ (పార్టు త్రీడీ మోడల్) పెడితే ధర చెబుతుంది, ఎవరి మొహమూ చూడక్కర్లేదు, ఫినిష్ బాగుంటుంది. అయితే మీరేమీ రాయకపోతే సాధారణంగా ఐఎస్ఓ 2768 మీడియం టాలరెన్స్ (అనుమతించే తేడా) పాటిస్తారు. అంటే 6 నుంచి 30 మి.మీ. మధ్య కొలతలకి ప్లస్ ఆర్ మైనస్ 0.2. మన 20 మి.మీ. పిస్టన్ 19.8 వచ్చినా, 20.2 వచ్చినా వాళ్ల లెక్కలో అది పాసే. సిలిండర్ బోరుకి మీకు కావాల్సింది హెచ్7 అనే గ్రేడు, అంటే 20 మి.మీ. రంధ్రానికి 0 నుంచి ప్లస్ 0.021 వరకు. అడిగితే చేస్తారు, ధర కూడా దానికి తగ్గట్టే ఎక్కుతుంది. ఇంకోటి, స్టెప్ ఫైల్‌లో ఆకారం వెళ్తుంది గానీ మరలు, టాలరెన్సులు తేలిగ్గా కనబడవు. పక్కనే పీడీఎఫ్ డ్రాయింగ్ పెట్టకపోతే ఎం3 మర ఉండాల్సిన చోట నున్నటి రంధ్రంతో పార్టు ఇంటికొస్తుంది. జేబులాంటి గాడుల్లో లోపలి మూలలు కత్తిలా రావు, మిల్లింగ్ కట్టర్ గుండ్రం కాబట్టి అంత గుండ్రం మిగులుతుంది. డిజైన్‌లోనే దానికి చోటివ్వాలి.

ఒక్క పీసుకి ఆన్‌లైన్‌లో ధర చూస్తే గుండె గుభేల్‌మంటుంది. అందులో ఎక్కువ భాగం లోహానిది కాదు, ప్రోగ్రాం రాయడానికీ సెట్టింగ్‌కీ. అందుకే ఐదు పీసులకి ఐదింతలు కాదు, చాలా తక్కువే పెరుగుతుంది. ఒకే ఇంజన్ కట్టాలనుకునే మిత్రులు నలుగురు కలిస్తే బేస్ ప్లేటు, స్టాండర్డ్ (సిలిండర్‌ని నిలబెట్టే స్తంభం), బేరింగ్ బ్లాకుల్లాంటివి ఆన్‌లైన్‌లో చేయించడమే అన్నిటికంటే మేలు. విదేశీ సర్వీసైతే కస్టమ్స్ డ్యూటీ, జీఎస్టీ కలుపుకున్నాకే పోల్చి చూడండి. చదును ప్లేట్లకి సీఎన్‌సీ కూడా అక్కర్లేదు. లేజర్ కటింగ్ చేయించి, రంధ్రాలు మాత్రం చిన్నవిగా ఉంచి, తర్వాత రీమర్ అనే, రంధ్రాన్ని నున్నగా పెద్దది చేసే టూల్‌తో సైజుకి తెచ్చుకుంటే చాలు.

రాయదుర్గంలో టీ-వర్క్స్ 2023 మార్చిలో మొదలైంది. 78,000 చదరపు అడుగుల్లో, విడిగా ఎవరూ కొనలేని యంత్రాలన్నీ ఒకే కప్పు కింద పెట్టారు. ఏదైనా కొత్త వస్తువు తయారు చేసి అమ్మాలనుకునేవాళ్లకి అది బాగా పనికొస్తుంది. ఒక్క సరదా ఇంజన్ కోసం అయితే, మెషిన్ మీద పని మనం చేస్తామా, వాళ్ల ఆపరేటర్ చేస్తాడా అన్నది ముందు అడిగి వెళ్లండి. మన చేత్తో చేయడమే సరదా అనుకునేవాళ్లకి ఆ తేడా చిన్నది కాదు.

సొంత మినీ లేత్ మాటకొస్తే, 180 మి.మీ. స్వింగ్ (తిప్పగల ముక్క గరిష్ఠ వ్యాసం) ఉండి నలభై కిలోలు తూగే రకం అపార్ట్‌మెంట్ బాల్కనీలో పడుతుంది, ఇంటి కరెంటుతో నడుస్తుంది. రాజ్‌కోట్‌లోనో బటాలాలోనో తయారైన పెద్ద లేత్‌లు సెకండ్ హ్యాండ్‌లో దొరికినా, వాటికి చాలావరకు త్రీ ఫేజ్ కావాలి, కింది ఫ్లోరువాళ్ల ఓపిక కూడా కావాలి. మినీ లేత్ కొన్నాక అసలు ఖర్చు మొదలవుతుంది: ఫోర్ జా చక్, టూల్స్, డ్రిల్లులు, రీమర్లు, డయల్ గేజ్, మైక్రోమీటర్. లేత్‌కి పెట్టినంత వీటికీ పెట్టాల్సి వస్తుందనుకోండి. పైగా దానికి హద్దు ఉంది. క్యాస్ట్ ఐరన్‌ని హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) టూల్‌తో నిమిషానికి ఇరవై మీటర్ల వేగంతో కోయాలంటే 75 మి.మీ. ఫ్లైవీల్‌కి దాదాపు 85 ఆర్‌పీఎం. అంత నెమ్మదిగా తిరిగేటప్పుడు ఈ చిన్న మోటార్లకి సత్తువ ఉండదు. టూల్ ఆనగానే ఆగిపోతాయి.

కానీ చిన్న పిన్నులు, బుష్‌లు, వాల్వ్ రాడ్లు, ఆవిరి కారకుండా రాడ్ చుట్టూ బిగించే గ్లాండ్ నట్లకి దాన్ని మించింది లేదు. పార్టు ఒకసారి బిగించి చూసి, 0.02 తీసి, మళ్లీ బిగించి చూసే సౌకర్యం ఏ షాపూ ఇవ్వదు. మీరు ఒక్క ఇంజన్‌తో ఆగేవాళ్లయితే లేత్ కొనకండి. మొదటి ఇంజన్ పూర్తి కాకముందే రెండోదాని డ్రాయింగ్ వెతుకుతున్నవాళ్లయితే ఇంకా ఆలోచించడం దండగ.

నేనైతే పని ఇలా పంచుతాను. సిలిండర్, పిస్టన్, ఫ్లైవీల్ బాలానగర్ టర్నర్‌కి. బేస్, స్టాండర్డ్ లేజర్‌కో, తోడు దొరికితే ఆన్‌లైన్‌కో. క్రాంక్‌షాఫ్ట్‌ని ముద్ద ఉక్కు నుంచి తిప్పించను. పది మి.మీ. పక్కకి జరిపి ఫోర్ జా చక్‌లో పట్టి తిప్పడమంటే ఏ టర్నరైనా రేటు రెట్టింపు చెబుతాడు. దాని బదులు ముక్కలుగా చేసి అతుకుతాను: రెండు వెబ్‌లనీ (క్రాంక్ పక్క పలకలు) కలిపి బిగించి ఒకేసారి డ్రిల్, రీమర్ చేయిస్తే రెండింటిలో రంధ్రాల దూరం తేడా రాదు. తర్వాత సిల్వర్ స్టీల్ రాడ్లు లాక్‌టైట్ జిగురుతో అతికించి, పిన్నులు కొట్టి, వెబ్‌ల మధ్యలో ఉన్న షాఫ్ట్ ముక్క కోసేయడం ఇంట్లో హ్యాక్‌సా పనే. వాల్వ్, దాని ముఖం మాత్రం అద్దం మీద వాటర్ పేపర్ పరిచి నేనే రుద్దుకుంటాను.

బోల్టులు, నట్లు ఎవరిచేతా చేయించొద్దు, కొనేయండి. ఎం2.5 బోల్టు తల 5 మి.మీ. ఉంటుంది, మోడల్ మీద కాస్త లావుగా కనిపిస్తుంది. కళ్లకి నచ్చకపోతే ఫైలుతో 4 మి.మీ.కి తగ్గించుకోవచ్చు. పన్నెండు బోల్టులంటే 72 పలకలు, ఆదివారం దానికే సరి.