సెకండ్ హ్యాండ్ లగ్జరీ కారు తక్కువకు వస్తోందా? డబ్బు కట్టేముందు కార్పెట్ ఎత్తి చూడండి

ఉద్యోగంలో చేరి ఏడాదో రెండేళ్లో అయింది, మొదటి కారే జర్మన్ కారు కొందాం అనుకుంటున్న తమ్ముళ్లు, చెల్లెళ్ల కోసం ఇది రాస్తున్నాను. హైదరాబాద్, విజయవాడ, చెన్నైల్లో పాత బళ్లు అమ్మే కన్సల్టెన్సీల్లో బళ్లు చూస్తున్నవాళ్లు టోకెన్ అడ్వాన్స్ ఇచ్చేముందు దయచేసి పూర్తిగా చదవండి. మార్కెట్ రేటు కంటే మూణ్నాలుగు లక్షలు తక్కువకు, "సింగిల్ ఓనర్, తక్కువ తిరిగింది, గీత కూడా లేదు" అని చూపించే బళ్లలో వరద నీళ్లలో మునిగి తేలినవి ఉన్నాయి. మా పిన్ని కొడుక్కి అలాంటిదే అంటగట్టారు. ఇప్పుడు కంప్లయింట్ నడుస్తోంది కాబట్టి కన్సల్టెన్సీ పేరు, బండి కంపెనీ పేరు రాయడం లేదు. పేరుతో పనిలేదు కూడా, ఇది ఒక్క చోట జరిగే మోసం కాదు.

వాడికి ఇరవై నాలుగేళ్లు. గచ్చిబౌలిలో ఉద్యోగం. 2025 ఎండాకాలంలో 2017 మోడల్ పెట్రోల్ సెడాన్ ఒకటి చూశాడు. ఏపీ రిజిస్ట్రేషన్. మీటర్ మీద 48 వేల కిలోమీటర్లు. అదే ఏడాది, అదే మోడల్ మిగతా చోట్ల 17, 18 లక్షలు చెబుతుంటే ఇక్కడ 14కే ఇస్తామన్నారు. ఎందుకింత తక్కువ అని అడిగితే ఓనర్ అమెరికా వెళ్లిపోతున్నారు, అర్జెంటుగా తీసేస్తున్నారు అని చెప్పారు. "నీకు కాబట్టి ఆపుతున్నా తమ్ముడూ, సాయంత్రానికి ఇంకో పార్టీ వస్తోంది" అన్నారు. బాబాయి రిటైర్మెంట్ డబ్బులోంచి 6 లక్షలు ఇచ్చారు. మిగతా 8 లక్షలకు పర్సనల్ లోన్. నెలకు 18 వేల పైచిలుకు ఈఎంఐ.

బండి పైకి తళతళలాడుతోంది. లోపల కొత్త సీటు కవర్లు, కొత్త మ్యాట్లు, డోర్ తీయగానే గుప్పుమని సెంటు వాసన. ఇంజిన్ చప్పుడు లేదు. టెస్ట్ డ్రైవ్‌లో ఎవరికైనా నచ్చుతుంది. వరదలో మునిగిన బండి అమ్మేనాటికి బాగానే నడుస్తుంది, అదే దాంతో ప్రమాదం. నీళ్లు ఆరిపోతాయి. వైర్ల కనెక్టర్ల లోపల మిగిలిన తేమ, బురద మాత్రం నెమ్మదిగా లోహాన్ని తింటూ ఉంటాయి. దాని ఫలితం నెలల తర్వాత బయటపడుతుంది.

మొదట వెనకవైపు పార్కింగ్ సెన్సార్లు పనిచేయడం మానేశాయి. తర్వాత సీటు ముందుకీ వెనక్కీ జరగడం ఆగింది. తర్వాత ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగింది. ఫోన్ చేస్తే "బ్యాటరీ వీక్ అయితే అన్నీ అలాగే వస్తాయి, మార్పించు" అన్నారు. మార్పించాడు. వానలు మొదలయ్యాక ఔటర్ రింగ్ రోడ్డు మీద వెళ్తుండగా డ్యాష్‌బోర్డు మీద ఉన్న లైట్లన్నీ ఒకేసారి వెలిగి, స్టీరింగ్ బిగుసుకుపోయి బండి ఆగిపోయింది. వెనక లారీ లేకపోబట్టి సరిపోయింది. ఆ మాట తలుచుకుంటే మా పిన్నికి ఇప్పటికీ కాళ్లూ చేతులూ ఆడవు.

షెడ్‌కి తీసుకెళ్తే అక్కడి మెకానిక్ స్కానర్ పెట్టలేదు. డ్రైవర్ సీటు బెల్టు పట్టుకుని చివరిదాకా లాగాడు. మామూలుగా మనం పెట్టుకునే మేర శుభ్రంగా ఉంది. లోపల రీలులో చుట్టుకుని ఉండే చివరి జానెడు దగ్గర అడ్డంగా మట్టిరంగు గీత. తర్వాత సీటు బోల్టులు విప్పి, కార్పెట్ ఎత్తాడు. కింద ఉండే స్పాంజి నొక్కితే ఎండిన ఒండ్రు పొడిపొడిగా రాలింది. సీటు కింద కనెక్టర్ ఊడదీసి చూపించాడు. పిన్నులన్నీ చిలుము పట్టి పచ్చగా ఉన్నాయి. "మునిగిన బండి భాయ్, సీటు పైదాకా నీళ్లొచ్చాయి" అన్నాడు.

ఆ తర్వాత ఛాసిస్ నంబర్ పట్టుకుని కంపెనీ సర్వీస్ సెంటర్‌కు వెళ్తే మొత్తం బయటపడింది. చివరి జాబ్ కార్డు, అంటే బండి సర్వీసుకు వచ్చినప్పుడు రాసే కాగితం, 2024 సెప్టెంబరుది. బండి టోయింగ్ మీద వచ్చింది, ఎస్టిమేట్ వేశారు, పని చేయించకుండానే తీసుకెళ్లిపోయారు. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో విజయవాడలో ఏం జరిగిందో మన వాళ్లకు చెప్పక్కర్లేదు. బుడమేరు పొంగి సింగ్ నగర్, ఆ చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ఇళ్ల ముందు పెట్టిన బళ్లు పెట్టినట్టే మునిగాయి. అంతకుముందు 2015 డిసెంబరులో చెన్నై, 2020 అక్టోబరులో హైదరాబాద్, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకు మళ్లీ చెన్నై. ప్రతి వరద తర్వాతా ఇలాంటి బళ్లు ఊళ్లు మారి, రాష్ట్రాలు మారి అమ్మకానికి వస్తాయి.

ఎలా వస్తాయో తెలిస్తే ఎక్కడ పట్టుకోవాలో తెలుస్తుంది. రిపేరు ఖర్చు బండి ఐడీవీలో (పాలసీలో బండికి కట్టిన విలువ) 75 శాతం దాటితే ఇన్సూరెన్స్ కంపెనీ దాన్ని టోటల్ లాస్ కింద లెక్కగట్టి ఓనర్‌కు డబ్బిచ్చేస్తుంది. మునిగిన లగ్జరీ కారుకు ఆ హద్దు చాలా తేలిగ్గా దాటుతుంది, ఎందుకంటే బండిని నడిపించే ఎలక్ట్రానిక్ కంట్రోల్ యూనిట్లు సీట్ల కింద, డిక్కీలో, కన్సోల్ కింద ఉంటాయి, ఒక్కోటి చాలా ఖరీదు. మిగిలిన బండిని వేలంలో తుక్కు రేటుకు కొంటారు. అసలైతే పనికిరాకుండా పోయిన బండి ఆర్సీని రద్దు చేయించాలి. అలా చేయకుండా ఆర్సీతో సహా చేతులు మారుతుంది. కొన్నవాడు బయట కడిగించి, ఆరబెట్టి, పాత బళ్ల నుంచి తీసిన పార్టులు వేసి, ఇంటీరియర్ కొత్తగా కుట్టించి కన్సల్టెన్సీలో నిలబెడతాడు. మనకు తెలిసేది "సింగిల్ ఓనర్" అన్న మాట ఒక్కటే.

కాబట్టి బండి చూడటానికి వెళ్లినప్పుడు పెయింటు, స్క్రీను, సన్‌రూఫ్ తర్వాత చూసుకోండి. మొదట అన్ని సీటు బెల్టులూ చివరిదాకా లాగండి. ఈమధ్య కొందరు బెల్టులు కూడా మార్చేస్తున్నారు. 2017 బండికి బెల్టు మీద లేబుల్ తేదీ ఆ తర్వాతి ఏడాదిది ఉంటే ఎందుకు మార్చారో అడగండి. డిక్కీలో మ్యాట్ ఎత్తి, స్టెప్నీ పెట్టే గుంటలో తుప్పు, మట్టి ఉన్నాయేమో వేలితో తడిమి చూడండి. సీటు కింద రెయిళ్లు, బోల్టులు తుప్పు పట్టాయా? సీటు కింద ఎవరూ పాలిష్ పెట్టరు. డ్రైవర్ వైపు కార్పెట్ అంచు లేపి స్పాంజిని ముక్కు దగ్గర పెట్టుకోండి. సెంటు కార్పెట్ మీద చల్లుతారు, కింద ముక్కిన వాసన అలాగే ఉంటుంది. ఫ్యూజు బాక్సు మూత తీయండి. హెడ్‌లైట్ల లోపల తేమ మరకలు చూడండి. వీటిలో ఏ ఒక్కటి చేయనివ్వకపోయినా, "షోరూం బండి తమ్ముడూ, అంత అనుమానమైతే ఎలా" అన్నా, నమస్కారం పెట్టి వచ్చేయండి.

చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయడం కూడా ముఖ్యం. ఉదయాన్నే వస్తాను, నేనొచ్చేదాకా స్టార్ట్ చేయొద్దు అని ముందే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే ఏదో దాస్తున్నట్టే.

కాగితాల సంగతి ఇంకా ముఖ్యం. మా వాడి విషయంలో ఒక్క కాగితం అడిగి ఉంటే అంతా తెలిసేది. అది పాత ఇన్సూరెన్స్ పాలసీ. క్లెయిమ్ చేయకుండా ఏళ్లు గడిచేకొద్దీ నో క్లెయిమ్ బోనస్ (ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) 20 శాతం నుంచి పెరుగుతూ 50 దాకా వెళ్తుంది. 2017 బండి, ఒకే ఓనర్, ఎప్పుడూ దెబ్బ తగల్లేదు అంటే ఆ ఓనర్ పేరున ఉన్న పాలసీలో 50 శాతం కనిపించాలి. సున్నా ఉందంటే క్లెయిమ్ తీసుకుని ఉంటారని అనుమానించండి. పాలసీ మధ్యలో ఆగిపోయినా సున్నా అవుతుంది, అదీ అడగాల్సిన విషయమే. కన్సల్టెన్సీ వాళ్లు ఈ నెలే తీసిన కొత్త పాలసీ చూపించి సరిపెడతారు. దానితో సరిపెట్టుకోకండి, గత మూడేళ్ల పాలసీలు అడగండి.

రెండోది సర్వీస్ రికార్డు. లగ్జరీ బ్రాండ్లన్నీ ఛాసిస్ నంబర్ మీద జాబ్ కార్డులు దాచుకుంటాయి. వేరేవాళ్లకు ఇవ్వరు కాబట్టి ఆర్సీలో పేరున్న ఓనర్‌నే తీసి పంపమనండి. మీటర్ తిప్పారా లేదా అన్నదీ అక్కడే తేలుతుంది, పాత జాబ్ కార్డు మీద ఉన్న కిలోమీటర్లు ఇప్పటి మీటర్ కంటే ఎక్కువుంటే ఇంకేం చెప్పాలి. ఓనర్ నంబర్ ఇవ్వం, అంతా మేమే చూసుకుంటాం అంటే ఆ బండి వద్దు. ఖాళీగా సంతకం చేసిన ఫారం 29, ఫారం 30 చూపించి "ట్రాన్స్‌ఫర్ మీ ఇష్టం వచ్చినప్పుడు చేయించుకోండి" అంటే అసలే వద్దు. 2023 ఏప్రిల్ నుంచి పాత బళ్లు అమ్మే డీలర్లు రవాణా శాఖ దగ్గర అనుమతి పత్రం తీసుకోవాలన్న నిబంధన ఉంది. ఆ పత్రం చూపించమని అడిగితే మొహం మారేవాళ్లు చాలామంది.

రవాణా శాఖ వెబ్‌సైట్ పరివాహన్‌లో నంబర్ కొడితే ఎన్నో ఓనరో, ఫైనాన్స్ ఉందో లేదో కనిపిస్తుంది. వేరే రాష్ట్రం బండైతే అక్కడి ఆర్టీఓ ఇచ్చే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం)తో పాటు మన రాష్ట్రంలో మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. అది మీరు కొన్న రేటు మీద కాదు, బండి కొత్తగా ఉన్నప్పటి ధర మీద, వయసును బట్టి లెక్క వేస్తారు. ఢిల్లీ బళ్లు అంత చవగ్గా ఎందుకొచ్చాయో కూడా తెలుసుకోండి. పదేళ్లు దాటిన డీజిల్ బళ్లు అక్కడ తిరగకూడదని 2015లో హరిత ట్రైబ్యునల్ చెప్పింది, 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది. ఆ తర్వాతి ఏళ్లలో పదేళ్లకు దగ్గరపడ్డ డీజిల్ బళ్లు దక్షిణాదికి దిగాయి. 2025లో సుప్రీంకోర్టు దాన్ని కొంత సడలించింది.

ఇక బండి నిఖార్సయినదే అనుకుందాం. అయినా మొదటి కారుగా వద్దనే చెబుతాను. 50 లక్షల కారు 14 లక్షలకు వస్తుంది గానీ దాని పార్టులు 50 లక్షల కారు పార్టులుగానే ఉంటాయి. ఎల్ఈడీ హెడ్‌లైట్ ఒక్కటి పగిలితే లక్ష దాటుతుంది. కొత్తగా నడపడం నేర్చుకున్నవాడికి మొదటి ఏడాదిలో ఎక్కడో ఒకచోట తగలక మానదు. రన్‌ఫ్లాట్ టైర్లు (పంక్చరైనా కొంతదూరం నడిచేవి) మామూలు వాటికంటే బాగా ఖరీదు, కొన్ని మోడళ్లకు స్టెప్నీయే ఉండదు. బండికి వయసు మళ్లాక జీరో డిప్రిసియేషన్ కవర్ (పార్టుల అరుగుదల కింద కోత పెట్టని ఇన్సూరెన్స్) దొరకడం కష్టం, అది లేకపోతే ప్లాస్టిక్, రబ్బరు పార్టులకు సగమే ఇస్తారు. బీఎండబ్ల్యూ పాత ఎన్47 డీజిల్ ఇంజిన్‌లో టైమింగ్ చైన్ వెనక, గేర్‌బాక్స్ వైపు ఉంటుంది. చైన్ మార్చాలంటే ఇంజినో గేర్‌బాక్సో దించాల్సిందే. ఎయిర్ సస్పెన్షన్, అంటే స్ప్రింగుల బదులు గాలి బెలూన్లు ఉన్న బళ్లకు, ఆ బెలూన్లు కొన్నేళ్లకు గాలి వదిలేస్తాయి. ఇవన్నీ బాగుచేయించుకోగల ఆదాయం ఉన్నవాళ్లకు ఆ బళ్లు బాగుంటాయి, కాదనను. ఏనుగును కొని అంకుశానికి వెనకాడితే కుదరదు. ఈఎంఐ పోగా నెలకు పది వేలు కూడా మిగలని జీతం మీద దాన్ని నెట్టుకురాలేం. అదే 14 లక్షలకు షోరూంలో వారంటీతో కొత్త బండి వస్తుంది. అమ్మానాన్నలను ఎక్కించుకుని రాత్రిపూట ఊరికి బయల్దేరితే భయం ఉండదు.

ఇప్పటికే కొని ఇరుక్కున్నవాళ్లకు రెండు మాటలు. మా వాడితో "బండి ఉన్నది ఉన్నట్టుగా కొంటున్నాను" అని సంతకం పెట్టించుకున్నారు. అది చూసి ఇక దారి లేదనుకున్నాం. కానీ వాట్సాప్‌లో "నాన్ యాక్సిడెంట్, నాన్ ఫ్లడ్, గ్యారంటీ" అని వాళ్లు పెట్టిన మెసేజ్ ఉంది. లాయర్ ముందు పట్టుకున్నది దాన్నే. మీరు కూడా ప్రకటన స్క్రీన్‌షాట్లు, మెసేజ్‌లు, డబ్బు పంపిన వివరాలు ఏవీ తీసేయకండి. మెకానిక్ విప్పేటప్పుడు వీడియో తీయించండి, చెడిపోయిన పార్టులు పారేయనివ్వకండి. రిపేరు మొదలుపెట్టకముందే సర్వీస్ సెంటర్ నుంచి రాతపూర్వకంగా రిపోర్టు తీసుకోండి. ముందు లీగల్ నోటీసు, తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. చెల్లించిన ధర 50 లక్షల లోపైతే జిల్లాలోనే వేయొచ్చు, గడువు రెండేళ్లు. ఎలా వేయాలో తెలియకపోతే 1915 నంబర్‌కు ఫోన్ చేస్తే చెబుతారు. ఆర్సీ ఇంకా మీ పేరుకు మారకపోతే ఆలస్యం చేయకండి. ఇన్సూరెన్స్ కూడా బండి చేతులు మారిన 14 రోజుల్లోగా మీ పేరుకు మార్పించుకోవాలి, లేదంటే మీ బండికి జరిగిన నష్టానికి క్లెయిమ్ రాదు.

ఎయిర్‌బ్యాగ్ లైటు వెలుగుతుంటే మాత్రం కేసు తేలేదాకా కూడా ఆ బండి రోడ్డెక్కించకండి.