ఇంట్లో చేసుకునే నోటీస్ బోర్డు: ఏ షీటు కొనాలి, ఏది వదిలేయాలి

పిల్లల గదిలోనో, ట్యూషన్ సెంటర్లోనో, అపార్ట్‌మెంట్ లిఫ్టు పక్కనో పెట్టే నోటీస్ బోర్డుకి కావాల్సినవి మూడే: పిన్ను దిగే మెత్తటి షీటు, దాని వెనక గట్టి పలక, పైన గుడ్డ. చవక రెడీమేడ్ బోర్డుల్లో కోత పడేది సరిగ్గా ఆ మొదటిదానికే. అందుకే విడిగా కొని చేసుకునేవాళ్లకి ఉపయోగపడేలా, బజార్లో దొరికే షీట్లన్నిటి మంచిచెడ్డలు 3×2 అడుగుల బోర్డు లెక్కన ఇక్కడ చెబుతున్నాం.

షీటు ఏదైనా ముందు పిన్ను కొలవండి. ప్లాస్టిక్ తల ఉన్న మామూలు పుష్ పిన్నుకి సూది సుమారు 10 మి.మీ. ఉంటుంది. షీటు అంతకన్నా పల్చగా ఉంటే సూది మొన వెనక ప్లైవుడ్‌కి తగిలి ఆగిపోతుంది, తల బయటే నిలబడి ఫ్యాను గాలికి ఊగుతుంది, సాయంత్రానికి కింద పడుతుంది. అలా పడిన పిన్ను దొరికేది అరికాలికే.

ఈ లెక్కలో మొదట తేలిపోయేది కార్క్. ఆన్‌లైన్‌లో ఎక్కువగా అమ్మేది 2, 3 మి.మీ. కార్క్ రోల్. చూడ్డానికి బాగుంటుంది, రంగు బాగుంటుంది, పిన్ను తీసేస్తే కన్నం చాలావరకు మూసుకుపోతుంది కూడా. కానీ 3 మి.మీ. కార్క్‌ని నేరుగా ప్లైవుడ్ మీద అంటిస్తే అది అలంకారమే, బోర్డు కాదు. 10 మి.మీ. కార్క్ దొరికితే నిక్షేపంగా తీసుకోవచ్చు. అయితే మన దగ్గరికి వచ్చే కార్క్‌లో ఎక్కువ భాగం పోర్చుగల్ వంటి దేశాల్లో పెరిగే కార్క్ ఓక్ చెట్టు బెరడు కాబట్టి, మందం పెరిగేకొద్దీ ధర కూడా గట్టిగానే పెరుగుతుంది. కార్కే కావాలంటే మధ్యేమార్గం ఉంది: కింద 12 మి.మీ. సాఫ్ట్‌బోర్డు (నార నొక్కి చేసే మెత్తటి షీటు, వివరం తర్వాతి పేరాలో), పైన 3 మి.మీ. కార్క్. పిన్నుని పట్టుకునేది కిందిది, కంటికి కనిపించేది పైది. రోల్‌లో వచ్చిన కార్క్‌ని చుట్టకి ఎదురుగా తిప్పి, ఒక రోజంతా బరువు కింద ఉంచాకే అంటించాలి. తొందరపడితే అంచులు లేస్తాయి. వెనక జిగురుతో వచ్చే చదరపు కార్క్ టైల్స్ సున్నం, డిస్టెంపర్ గోడలకి పనికిరావు. జిగురు గట్టిగానే ఉంటుంది, ఊడి వచ్చేది గోడ మీది పొర.

మా ఓటు సాఫ్ట్‌బోర్డుకే. చెరకు పిప్పి వంటి నార పదార్థాన్ని నొక్కి చేసే గోధుమరంగు షీటు ఇది. ప్లైవుడ్ షాపుల్లో పిన్‌అప్ బోర్డు అన్నా, జాలీ బోర్డు అన్నా ఇదే ఇస్తారు. 12 మి.మీ. మందం అడగండి. కొన్నిచోట్ల దీని బదులు పార్టికల్ బోర్డు అంటగడతారు. బొటనవేలి గోరుతో నొక్కితే నొక్కు పడాలి, పడకపోతే అది సాఫ్ట్‌బోర్డు కాదు. పిన్ను జేబులో పెట్టుకుని వెళ్లి, షాపులో ముక్క మీద గుచ్చి చూడటం ఇంకా మంచిది. 80 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకి 80 గ్రాములు తూగే) ఏ4 కాగితం ఒక్కోటి 5 గ్రాములు. పది కాగితాలు కలిపి, అంటే 50 గ్రాములు, ఒకే పిన్నుకి తగిలించి లాగి వదిలితే పిన్ను కదలకూడదు.

ఇబ్బంది ఏమిటంటే షాపువాళ్లు 8×4 అడుగుల పూర్తి షీటే అమ్ముతామంటారు. సికింద్రాబాద్ రాణీగంజ్ లాంటి చోట నాలుగు షాపులు తిరిగితే మిగులు ముక్కలు దొరకొచ్చు. లేదంటే పక్క ఫ్లాట్లవాళ్లని కలుపుకోండి: ఒక షీటులో 3×2 బోర్డులు ఐదు వస్తాయి. పొడుగునా రెండు వరసల్లో రెండేసి చొప్పున నాలుగు తీశాక, చివర 2×4 ముక్క మిగులుతుంది. అయిదోది అందులోంచి అడ్డంగా వస్తుంది.

రంపంతో కోస్తే అంచు పొట్టు రాలుతుంది. కొత్త బ్లేడు వేసిన పేపర్ కట్టర్, స్టీలు స్కేలు పెట్టి, ఒకే గీత మీద నాలుగైదు సార్లు తేలిగ్గా లాగండి. ఒక్క దెబ్బలో కోయాలని చూస్తే అడుగు పొర చిరిగిపోతుంది. కోసిన అంచు చుట్టూ పేపర్ టేపు వేస్తే తర్వాత రాలదు.

సాఫ్ట్‌బోర్డుకి శత్రువులు రెండు, తడి, చెద. బాత్‌రూమ్ గోడకి అవతలి వైపు, వానకి తడిసే బయటి గోడకి దీన్ని ఆనించి పెట్టొద్దు. ఉబ్బి అలలు తేలుతుంది, ఆరినా మళ్లీ చదునవదు. విశాఖ, కాకినాడ వైపు ఉండేవాళ్లు వెనక నాలుగు మూలలా రబ్బరు బుడిపెలు అంటించి, గోడకీ బోర్డుకీ మధ్య కొంచెం గాలి ఆడనివ్వాలి. గోడలో ఇప్పటికే చెద గీతలు ఉంటే ఈ షీటు జోలికే పోవద్దు. అక్కడ 10 మి.మీ. ఈవీఏ ఫోమ్ (రబ్బరులా ఉండే ప్లాస్టిక్ ఫోమ్ షీటు) నయం. తేమ పట్టదు, చెద తినదు, పిన్నుని బాగానే పట్టుకుంటుంది. గట్టి రకం తీసుకోవాలి, యోగా మ్యాట్ మెత్తదనం ఉన్నది సాగిపోతుంది.

థర్మోకోల్ స్కూలు ప్రాజెక్టుకి, నెలరోజుల పనికి చాలు. ఒకసారి పడిన కన్నం మూసుకోదు, అదే చోట రెండు మూడుసార్లు గుచ్చితే పిన్ను జారిపోతుంది. దీనితో జరిగే అసలు ప్రమాదం జిగురు దగ్గర. ఫెవికాల్ ఎస్ఆర్ 998 లాంటి రబ్బరు జిగురు రాస్తే అందులోని ద్రావకం థర్మోకోల్‌ని కరిగించి గుంటలు చేస్తుంది. తెల్ల ఫెవికాలే వాడాలి.

అట్టపెట్టెలతో కూడా బోర్డు అవుతుంది, పైసా ఖర్చు లేదు. మందపాటి ఐదు పొరల అట్ట రెండు తీసుకుని, లోపలి గాడులు ఒకదానిలో నిలువుగా, ఇంకోదానిలో అడ్డంగా వచ్చేలా అంటించాలి. రెండూ ఒకే వైపు ఉంటే బోర్డు ఆ గాడి వెంట వంగుతుంది. మైదా లై మాత్రం వద్దు, బొద్దింకలకి విందు. పురుగు పట్టకుండా లైలో మైలతుత్తం కలిపే పాత పద్ధతి ఉంది కానీ అది విషం, పిల్లలున్న ఇంట్లో పెట్టాల్సింది కాదు.

వెనక పలకకి 6 మి.మీ. ప్లైవుడ్ సరిపోతుంది. 3 మి.మీ. హార్డ్‌బోర్డు చవకే, ఒక వానాకాలం దాటేసరికి విల్లులా వంగుతుంది. ప్లైవుడ్ మీద సాఫ్ట్‌బోర్డు అంటించడానికి తెల్ల ఫెవికాల్ 100 గ్రాములు చాలు. పాత ఏటీఎం కార్డుతో పల్చగా పరిచి, రాత్రంతా పుస్తకాల బరువు పెట్టాలి. కార్క్ పొరకి రబ్బరు జిగురు మేలు. రెండు వైపులా రాసి, వేలికి అంటనంత ఆరేదాకా 10, 15 నిమిషాలు ఆగి, అప్పుడు కలపాలి. ఒకసారి తగిలితే ఇక జరపడం కుదరదు కాబట్టి మధ్యలో మందపాటి కాగితం ఉంచి, ఒక వైపు నుంచి నొక్కుకుంటూ కాగితాన్ని లాగేయండి. కిటికీలు తెరిచి ఉంచాలి, దగ్గర్లో స్టవ్వు వెలగకూడదు.

గుడ్డ విషయానికొస్తే ఫెల్ట్‌కి (నేత లేకుండా పోగులు నొక్కి చేసే మందపాటి గుడ్డకి) మించింది లేదు, కన్నాలు కనబడవు. జనపనార గుడ్డా బాగుంటుంది, కాకపోతే వదులు నేతలోంచి సాఫ్ట్‌బోర్డు గోధుమరంగు కనిపిస్తుంది, కింద తెల్ల కాగితం పరవాలి. శాటిన్ వద్దు, పిన్ను దిగిన చోటల్లా పోగు లాగుతుంది. ఇంట్లో మిగిలిన పోచంపల్లి ఇకత్ ముక్క వాడాలని చెయ్యి లాగుతుంది, కానీ ఆ డిజైను మీద ఏ నోటీసూ కనబడదు. నాలుగు వైపులా మూడేసి అంగుళాలు మడత వదిలితే 42×30 అంగుళాల గుడ్డ కావాలి. 44 అంగుళాల పన్నా ఉన్న నూలు గుడ్డ 85 సెం.మీ. కొని, తడిపి ఆరేసి, ఇస్త్రీ చేశాక వాడండి.

గుడ్డని ముందువైపు జిగురుతో అంటించొద్దు. మరక తేలుతుంది, పిన్నులకి జిగురు పడుతుంది. వెనక ప్లైవుడ్‌కే స్టేపుల్ గన్‌తో కొట్టాలి. ముందు ఒక అంచు మధ్యలో ఒకటి, దానికెదురుగా రెండో అంచు మధ్యలో ఒకటి, తర్వాత మిగతా రెండు వైపులా. అక్కడినుంచి మూలల వైపు రెండంగుళాలకొకటి చొప్పున పోతే మొత్తం అరవై దాకా పడతాయి. మూల నుంచి మొదలుపెట్టినవాళ్లకి చివరి మూలలో గుడ్డ కుప్పపడుతుంది.

చుట్టూ ముప్పావు అంగుళం చెక్క బీడింగ్ (అంచు పట్టీ) కావాలంటే, చుట్టుకొలత 10 అడుగులే కదా అని పదే తెచ్చుకోవద్దు. మూలలు 45 డిగ్రీలకి కోస్తే బయటి అంచుకి ఇంకో అర అడుగు, పైగా తరుగు. 12 అడుగులు తీసుకోండి. మొత్తం బోర్డు సుమారు నాలుగు కిలోలు తూగుతుంది, పైన రెండు చోట్ల గోడ ప్లగ్గులు దింపి స్క్రూలు వేస్తే ఆగుతుంది. సముద్రం పక్క ఊళ్లలో మామూలు ఇనుప డ్రాయింగ్ పిన్నులు తుప్పుపట్టి లేతరంగు గుడ్డ మీద మరకలు వదులుతాయి, ఆ మరక ఉతికినా పోదు. నికెల్ పూతవో, ఇత్తడివో అడిగి తీసుకోండి.