మారిసనా, వాకరా: ముందు ఎవరిని చదవాలి?

1937లో అమెరికాలో వచ్చిన రెండు నవలల్లో ఫ్లోరిడా గాలి వీస్తుంది. హెమింగ్వే ‘టు హావ్ అండ్ హావ్ నాట్’ అంగడిలో నిలిచింది. నల్లజాతి రచయిత్రి జోరా నీల్ హర్‌స్టన్ ‘దెయిర్ ఐస్ వర్ వాచింగ్ గాడ్’ చాలాకాలం అచ్చులోనే లేదు. మొదటి నవలను నల్లజాతి నవలా రచయిత్రి టోనీ మారిసన్ విమర్శకురాలిగా విప్పి చూసింది. రెండో నవల రాసిన మనిషిని వెతుకుతూ మరో నల్లజాతి రచయిత్రి ఆలిస్ వాకర్ విలేకరిలా ఊళ్లు తిరిగింది.

వాకర్ వ్యాసం 1975లో ‘మిజ్’ (Ms.) అనే స్త్రీవాద పత్రికలో వచ్చింది. హర్‌స్టన్ పెరిగిన ఊరు ఈటన్‌విల్ వెళ్లి, ఆమె మేనకోడలినని అబద్ధమాడి (పాత్రికేయ నీతి సంగతి అలా ఉంచండి) జనం చేత మాట్లాడిస్తుంది. ఫోర్ట్ పియర్స్ శ్మశానంలో పాములకు జంకుతూ, పిచ్చిగడ్డిలో ‘జోరా’ అని కేకలు వేస్తుంది. అక్కడ పేరు లేకుండా ఉన్న హర్‌స్టన్ సమాధికి రాయి వేయిస్తుంది. దాని మీద పుట్టిన సంవత్సరం 1901 అని చెక్కించింది, అసలు 1891. ఇంత చేసినా హర్‌స్టన్ వాక్యం ఎందుకు గొప్పదో ఈ వ్యాసం పెద్దగా చెప్పదు.

మారిసన్‌ది సరిగ్గా వాక్యాల మీదే పని. హార్వర్డ్ ఉపన్యాసాల నుంచి వచ్చిన ‘ప్లేయింగ్ ఇన్ ది డార్క్’ (1992) చిన్న పుస్తకమే. హెమింగ్వే నవలలో పడవ నడుపుతున్న నల్లవాడికి ఎగిరే చేపలు ముందుగా కనిపిస్తాయి. అతడు కేకేయాలి కదా? వేయడు. ‘అతడు చూశాడని చూశాను’ అంటాడు కథ చెప్పే తెల్లవాడు. నల్లవాడికి నోరివ్వకుండా ఉండడానికి హెమింగ్వే అంతటివాడు వాక్యాన్నే వంకర తిప్పుకున్నాడని మారిసన్ పట్టుకుంటుంది. పైగా రచయిత జాతివివక్ష మీద తీర్పు చెప్పడం తన పని కాదంటుంది. అమెరికన్ రచయిత్రి విల్లా కాథర్ 1940 నవల దగ్గర ప్రశ్న ఆడవాళ్ల వైపు తిరుగుతుంది: యజమానురాలు బానిసపిల్లను ఒక మగవాడి చేత చెరిపించడానికి పన్నాగం పన్నుతుంటే కన్నతల్లి నోరెందుకు విప్పదు?

నన్నడిగితే మారిసనే మేలు. వాకర్ మనకు ఒక రచయిత్రిని తిరిగి ఇచ్చింది. మారిసన్ దగ్గర నేర్చిన చూపుతో మన నవలల్లో పాలేరు ఎక్కడ మాట్లాడతాడో, ఎక్కడ తలూపి ఊరుకుంటాడో కూడా వెతకవచ్చు. కానీ ఆమె మొదటి అధ్యాయం కొరుకుడు పడదు. విమర్శ అంటేనే బెదిరే డిగ్రీ విద్యార్థికి ముందు వాకర్ వ్యాసం ఇవ్వండి. ఆ వెంటనే హర్‌స్టన్ నవల. మారిసన్‌ను ఆ తర్వాత చదివినా నష్టం లేదు.