నింటెండో వీలో రెండో ప్రపంచ యుద్ధం: ఈ మూడింట్లో ఏది మేలు?

ఈ వేసవిలో మా అన్నయ్య వాళ్ల గరాజ్ సర్దుతుంటే పాత నింటెండో వీ (Wii) గేమ్ కన్సోల్ బయటపడింది. రెండు రిమోట్లు, ఎడమచేతిలో పట్టుకునే నన్‌చక్ అనే కంట్రోలర్ ఒకటి, టీవీ దగ్గర పెట్టే సెన్సార్ బార్, వాటితోపాటు మూడు యుద్ధం ఆటల డిస్కులు: కాల్ ఆఫ్ డ్యూటీ 3, మెడల్ ఆఫ్ ఆనర్ హీరోస్ 2, కాల్ ఆఫ్ డ్యూటీ వరల్డ్ ఎట్ వార్. "బాబాయ్, ముందు ఏది ఆడాలి?" అన్నాడు మా అన్నయ్య కొడుకు. వాడికి పదిహేడేళ్లు. అప్పటికప్పుడు ఒక పేరు చెప్పాను కానీ, వాటిని మళ్లీ వరసగా ఆడి చూశాక నా మాట మార్చుకున్నాను.

మూడూ రెండో ప్రపంచ యుద్ధం ఆటలే. మూడింట్లోనూ ఎడమచేతిలో నన్‌చక్ పుల్లతో నడుస్తాం, కుడిచేతిలో రిమోట్‌తో గురి పెడతాం, రిమోట్ అడుగున ఉన్న బి బటన్ నొక్కి కాలుస్తాం. మరి తేడా ఎక్కడంటే, మెడ తిప్పడంలో. మామూలు గేమ్ ప్యాడ్‌లో (రెండు చేతులతో పట్టుకునే కంట్రోలర్‌లో) పుల్ల ఎటు నెడితే చూపు అటు తిరుగుతుంది. వీలో అలా కాదు. తెర మధ్యలో కంటికి కనపడని ఒక గడి ఉంటుంది. రిమోట్ ఆ గడిలో కదిలినంతసేపూ తుపాకీ గురి మాత్రమే జరుగుతుంది. గడి అంచు దాటితేనే మనిషి తిరుగుతాడు. గడి మరీ పెద్దదైతే వెనక నుంచి కాల్చేవాడివైపు తిరిగేలోపే ప్రాణం పోతుంది. మరీ చిన్నదైతే చెయ్యి కాస్త వణికినా తెరంతా ఊగి తల తిరుగుతుంది. వీలో యుద్ధం ఆట బాగుందా లేదా అన్నది ముందు ఈ గడే తేలుస్తుంది. బొమ్మల నాణ్యత ఆ తర్వాతి సంగతి. ఎలాగూ వీ ఇచ్చేది 480పి వరకే, అంటే హెచ్‌డీ కన్నా తక్కువ స్పష్టత.

కాల్ ఆఫ్ డ్యూటీ 3 వీతోపాటే 2006 నవంబరులో వచ్చింది. ఆ తొలిరోజుల ఉత్సాహం ఆటంతా కనిపిస్తుంది. జీపు నడపాలంటే రెండు చేతుల్లో రిమోట్‌నీ నన్‌చక్‌నీ స్టీరింగ్ పట్టినట్టు పట్టి తిప్పాలి. పడవలో తెడ్డు వేయాలి. జర్మన్ సైనికుడు మీదపడితే రెండు చేతులూ ఊపి విడిపించుకోవాలి. మొదటిసారి గుండె ఝల్లుమంటుంది. మూడోసారికి చేతులు నొప్పి పుడతాయి. అసలైన గురి దగ్గర మాత్రం ఈ ఆట వెనకపడింది, నా చేతికి ఆ తిరుగుడు బరువుగానే ఉంది. పైగా వీలో దీనికి మల్టీప్లేయర్, అంటే పలువురు కలిసి ఆడే పద్ధతి, లేనే లేదు. కథ మాత్రం నాకు ఇష్టం. 1944 వేసవి, ఫ్రాన్స్‌లోని నార్మండీ, సెయింట్-లో అనే ఊరు మొదలుకొని ఫలేజ్ అనే ఊరి దాకా సాగుతుంది. అమెరికన్లతో ఆగకుండా బ్రిటిష్, కెనడా, పోలండ్ సైనికుల కళ్లతోనూ చూపిస్తుంది. పోలండ్ వాళ్ల పోరాటాన్ని ఆటల్లో చూపించడం అరుదు.

2007లో వచ్చిన మెడల్ ఆఫ్ ఆనర్ హీరోస్ 2 దగ్గర కాస్త ఆగాలి. నాకు తెలిసి వీ రిమోట్‌ని సరిగ్గా అర్థం చేసుకున్న తొలి యుద్ధం ఆట ఇదే. ఇందాక చెప్పిన గడి ఎంత ఉండాలో, చూపు ఎంత వేగంగా తిరగాలో మనమే సెట్టింగ్స్‌లో పెట్టుకోవచ్చు. పది నిమిషాలు ఓపిగ్గా సరిచేసుకుంటే రిమోట్ చేతికి అమరిపోతుంది. చేతి కదలికలు కూడా అవసరమైనచోటే పెట్టారు. బజూకా (భుజం మీద పెట్టి పేల్చే రాకెట్ గొట్టం) పేల్చాలంటే రిమోట్‌ని భుజం మీద పెట్టుకోవాలి. స్నైపర్ తుపాకీలో దూరం దగ్గర చేయాలంటే మణికట్టు తిప్పాలి. ఆర్కేడ్ అని ఇంకో పద్ధతి ఉంది. అందులో నడక ఆటే చూసుకుంటుంది, మనం గురి చూసి కాలిస్తే చాలు. జాపర్ అనే తుపాకీ ఆకారపు ప్లాస్టిక్ తొడుగు నాకు పనికొచ్చింది ఇక్కడొక్కచోటే. మిగతా ఆటల్లో దానితో మణికట్టు స్వేచ్ఛ పోతుంది, కొనకండి. లోపమల్లా అసలు కథ చిన్నది, పలచనిది కావడం. ఒకప్పుడు ఆన్‌లైన్‌లో 32 మంది కలిసి ఆడటమే దీని ప్రాణం. ఆ సర్వర్లు ఇప్పుడు లేవు.

ఇక వరల్డ్ ఎట్ వార్, 2008. దీనికీ ఆన్‌లైన్ పోయింది. వీ కోసం నింటెండో నడిపిన సేవ 2014 మే 20న ఆగిపోయింది. వేరే కన్సోళ్లలో పేరు తెచ్చిన జాంబీల ఆట వీ డిస్కులో ముందునుంచే లేదు. అయినా ఒంటరిగా ఆడటానికి మూడింట్లో ఇదే నిండైనది. ఒకవైపు పసిఫిక్ సముద్రంలోని మేకిన్, పెలెల్యూ, ఒకినావా దీవుల్లో అమెరికన్ మెరీన్లు, మరోవైపు స్టాలిన్‌గ్రాడ్ నుంచి బెర్లిన్ దాకా సోవియట్ ఎర్రసైన్యం. పొడుగు గడ్డిలోంచి జపాన్ సైనికులు ఉన్నట్టుండి లేచి మీదికి వస్తారు. అప్పుడు చూపు చటుక్కున తిరగాలి. తిరుగుతుంది కూడా. రిమోట్‌తో గురి పెట్టడం ఎందుకు బాగుంటుందో నాకు బాగా తెలిసింది ఆ గడ్డిలోనే.

పసిఫిక్ కథ నన్ను పట్టుకోవడానికి ఇంకో కారణం ఉంది. మాది కాకినాడ. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఆ రోజు గురించి మా నాయనమ్మ చెబుతుంటే వింటూ పెరిగాను. నార్మండీ నాకు పుస్తకాల్లో చదివిన చోటు. ఈ యుద్ధం మా ఇంటి దాకా వచ్చింది.

ఇద్దరు ఆడాలన్నా ఇదే మేలు. రెండో మనిషికి వేరే బొమ్మ ఉండదు, అదే తెర మీద ఇంకో గురి కనిపిస్తుంది. మొదటివాడు నడుపుతాడు, రెండోవాడు కాలుస్తాడు. మావాడూ నేనూ రెండు వారాంతాలు అలాగే గడిపాం. మధ్య మధ్య నిజమైన యుద్ధం ఫిల్ములు వస్తాయి, చాలా కఠినంగా ఉంటాయి. అమెరికాలో దీనికి 17 ఏళ్లు నిండినవారికి అనే ఎం రేటింగ్ ఇచ్చారు. మిగతా రెండింటికీ టి, అంటే 13 నిండితే చాలు. ఇంట్లో పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లలుంటే నేను హీరోస్ 2 తీసి ఇస్తాను, వరల్డ్ ఎట్ వార్ డిస్కు దాచేస్తాను.

కాబట్టి నా మాట ఇది: ఒక్కటే కొనాలంటే వరల్డ్ ఎట్ వార్. మోషన్ కంట్రోల్ మీదే మోజు ఉంటే హీరోస్ 2. కాల్ ఆఫ్ డ్యూటీ 3 కథ కోసం మాత్రమే, అది కూడా ప్యాడ్‌తో ఆడే కన్సోల్ దొరికితే అందులోనే ఆడండి.

ఏది ఆడినా టీవీ చుట్టూ ఒకసారి చూసుకోండి. సెన్సార్ బార్ అన్న పేరే గానీ, అందులో ఉన్నవి రెండు చివరలా ఇన్‌ఫ్రారెడ్ దీపాలు మాత్రమే. వాటిని చూసే కెమెరా రిమోట్ ముక్కులో ఉంటుంది. ఒక దీపావళికి మా వదిన టీవీ స్టాండ్ మీద ప్రమిదలు పెట్టింది. గురి తెరంతా గంతులు వేస్తుంటే రిమోట్ చెడిపోయిందనుకుని బ్యాటరీలు రెండుసార్లు మార్చాం. ప్రమిదలు గుమ్మం దగ్గరికి మార్చగానే సర్దుకుంది. కిటికీలోంచి నేరుగా పడే ఎండ కూడా అంతే, పరదా వేసుకుని ఆడండి.